బావి నోటి దగ్గర మనిషి

ఆయనకి నిదానం అని పేరు పెట్టింది పెళ్ళామే. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఇద్దరూ సినిమాకి బయల్దేరితే ఆవిడ చెప్పు పట్టీ తెగింది. ఈయన మెట్ల మీదే కూర్చుని, జేబులోంచి సూదీ దారం తీసి, కుట్టు మీద కుట్టు వేసి, లాగి చూసి, నచ్చక విప్పి మళ్ళీ కుట్టాడు. వాళ్ళు వెళ్ళేసరికి సగం సినిమా అయిపోయింది. "మీ అమ్మ మీకు నిదానం అని పెట్టాల్సింది" అని ఆవిడ విసుక్కుంటే వెనక నుంచున్న ఆవిడ తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆ తమ్ముడూ ఈయన దగ్గరే పనిచేసేవాడు కాబట్టి మర్నాటికల్లా ఆ పేరు షెడ్డుకి చేరింది. అసలు పేరు జీతం కాయితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. అందులోనూ పాతవి. కొత్త లిఫ్టుకి తెలివుంటుంది, పాతదానికి స్వభావం ఉంటుంది అనేవాడు. ఏ బళ్ళోనూ నేర్చుకున్న విద్య కాదు. విప్పి, చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. విప్పడం ఎవడికైనా వస్తుంది, విప్పినవాటిని విప్పిన వరసలో గుడ్డ మీద పేర్చుకోవడమే పనితనం అని ఆయన నమ్మకం. ఎక్కువ మాట్లాడే పనివాణ్ణి చూస్తే ఆయనకి పళ్ళు జివ్వుమనేవి.

అలాంటి మనిషి ఒక కథాలోకానికి మూలపురుషుడయ్యాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది అదే.

లిఫ్టు తిరిగే నిలువు గొయ్యిని పనివాళ్ళు షాఫ్టు అంటారు. పైన, కప్పు కింద, యంత్రం ఉండే గది. కేబిన్ నెత్తిమీద ఒక మనిషి నుంచుని పని చేస్తుంటే, పైగదిలో ఇంకో మనిషి కేబిన్‌ని కొంచెం పైకో కిందికో జరుపుతుంటాడు. ఒకరికొకరు కనపడరు. మధ్యలో ఉండేది గొంతు ఒక్కటే. షాఫ్టులో గొంతుకి నాలుగు గోడలూ తలో దెబ్బ వేస్తాయి. "ఎత్తు", "దించు", "ఆపు" లాంటి చిన్న మాటలు పైకి చేరేసరికి అన్నీ ఒకే మొరుగుడవుతాయి. అందుకని నిదానం చాలా ఆలోచించి, దేని రూపం దానికే ఉండే పొడుగు మాటలు ఏరుకున్నాడు. పైకి ఎత్తాలంటే గాలిరౌతు. కిందికి దించాలంటే బురదరాణి. ఆపాలంటే తాడుతాత. షాఫ్టులోంచి అందరూ బయటపడ్డారు, ఇక చెయ్యి తియ్యొచ్చు అంటే దీపాలవ్వ. మాట విన్నవాడు అదే మాట తిరిగి అరవాలి. అరిచాకే చెయ్యి కదలాలి. షెడ్డులో కొన్నాళ్ళు అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. తర్వాత అలవాటైపోయింది.

నవ్వకుండా విన్నది ఒక్కతే, ఆయన కూతురు. బడి వదిలాక షెడ్డుకొచ్చి, స్ప్రింగుల పెట్టె మీద కూర్చునేది.

"నాన్నా, తాడుతాత ఎవరు?" అని అడిగింది ఒకరోజు.

ఊరికే మాటలే తల్లీ అనొచ్చు. కానీ నిదానం ఏదీ సగంలో వదలడు. "అడుగులేని బావి ఒకటుంది. దాని నోటి దగ్గర తాడు పట్టుకుని కూర్చునే ముసలాయన" అన్నాడు.

"ఎందుకు కూర్చుంటాడు?"

"లోపలికి దిగినవాళ్ళు పైకి రావాలిగా మరి."

అంతే, ఆ పిల్ల పట్టుకుంది. గాలిరౌతుకి రెక్కలున్న గుర్రాన్నిచ్చింది. బురదరాణికి ముక్కుమీద కోపమిచ్చింది. కరెంటు పనిచేసే ఆవిడ, అందరికీ కరెంటక్క, దీపాలవ్వ నాది అని రాయించుకుంది. ఆ అవ్వ బావిలో అంతస్తంతస్తుకీ దీపం పెడుతూ, నూనె లేదని లోకాన్నంతా తిడుతుంది. బావమరిది వాటాకొచ్చినవాడు దూకుడు దొర. ముందు దూకి, తర్వాత లోతెంత అని అడిగే రకం. ఆ దొరకి పోలిక కోసం బావమరిది ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయిందని షెడ్డంతా అనుకున్నారు.

టీ వేళ ఆట మొదలయ్యేది. ఎవరో ఒకరు ఒక ఆపద చెప్పాలి. "మూడో అంతస్తులో నిద్రపోని ఊరుంది, అక్కడ గంట దొంగిలించాలి" లాంటిది. ఇంకొకరు బావిలోకి దిగే దండుని ఎంచుకోవాలి. బొక్కెన్లో నలుగురికే చోటు. ఇంకొకరి మనిషిని తీసుకోవాలంటే అడిగి తీసుకోవాలి, వాళ్ళు ఇస్తేనే. అడక్కుండా ఎవరి నోట్లోనూ మాట పెట్టకూడదు. ఆ నియమాలన్నీ కూతురివి. ఒక్కటి మాత్రం నిదానం పెట్టింది: తాడుతాత కూడా నలుగురిలో లెక్కే. ఆయన్ని పైన కూర్చోబెడితే కిందికి దిగేది ముగ్గురే.

"చోటు దండగ నాన్నా!" అనేది పిల్ల. నలుగుర్నీ దించేసేది. అక్కడ మహా యుద్ధం చేయించేది. చివరికి, "పైకి ఎలా వస్తారే?" అని తండ్రి అడిగితే బిక్కమొహం వేసేది. "గాలిరౌతు గుర్రం పిల్లల్ని పెట్టింది" అనేది. "అదృష్టాన్ని పనిముట్ల సంచిలో వేసుకోకు తల్లీ" అనేవాడు నిదానం. ఆ మాట మీద ఇద్దరూ ఎన్నేళ్ళు వాదించుకున్నారో. దూకుడు దొరని మాత్రం ఆ పిల్ల ఒక్కసారీ దండులోకి తీసుకోలేదు. "మావయ్యా, నీ దొర దిగితే బావి బద్దలవుతుంది" అనేది. "నా దొరకి ఎప్పటికైనా రోజొస్తుంది, చూస్కో" అనేవాడు బావమరిది, టీ ఊదుకోకుండా తాగి నాలుక కాల్చుకుంటూ.

పిల్ల పెద్దదై, చదువయ్యాక, ఏ ఆఫీసులోనో కూర్చుంటుందనుకుంటే తండ్రి పనిలోకే వచ్చింది. వద్దని చెప్పడానికి ఆయనకి మాట దొరకలేదు. వచ్చాక చెయ్యి చూస్తే వద్దనాల్సిన పనీ లేకపోయింది. ఇలాంటి కూతురిని షాఫ్టులోకి పంపేటప్పుడు నిదానం పనిలో ఒక నియమం పెట్టాడు. అది ఆటలోది కాదు, నిజం పనిలోది: షాఫ్టులో ఎవరి ఒళ్ళుంటే, పైన బ్రేకు మీద ఎవరి చెయ్యి ఉండాలో వాళ్ళే చెప్పాలి. ప్రాణం ఎవరిదో ఎంపిక వాళ్ళది. పెద్దాచిన్నా లేదు.

దానికి కారణం బావమరిదే. కొన్నేళ్ళ కిందట కేబిన్ మీద నిదానం ఉండగా, పైన ఉన్న బావమరిది మాట తిరిగి అరవకుండానే బ్రేకు వదిలేశాడు. నిదానం ఎడమ బొటనవేలు గోరు ఆరోజు నుంచి సరిగా పెరగలేదు. ఆయన ఒక్క మాటా అనలేదు. మళ్ళీ బావమరిదిని బ్రేకు దగ్గరికి రానివ్వలేదు కూడా. తిట్టుంటే తేలికగా ఉండేదని బావమరిది అక్కగారితో అన్నాడట.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దెక్కాక మొదలెట్టిన పని. పాత మేడ, ఇరుకు మెట్లు, ఇనప జాలీ పోయి రేకు తలుపులు వచ్చిన లిఫ్టు. కేబిన్ జారే నిలువు పట్టాలకి నూనె రాసి, దవడలు చూడాలి. దవడలంటే కేబిన్ అడుగున రెండువైపులా ఉండే ఇనప పట్లు. కేబిన్ అదుపు తప్పితే పట్టాల్ని కరిచి ఆపుతాయి. కూతురు కేబిన్ నెత్తిమీద, కరెంటక్క పైగదిలో, బావమరిది కింద గుంటలో మట్టి తీస్తూ. నిదానం మధ్య అంతస్తు మెట్ల మీద వంకరపోయిన తలుపు చక్రం సరిచేస్తున్నాడు.

"బురదరాణి!" అంది కూతురి గొంతు.

"బురదరాణి!" అంది పైనుంచి కరెంటక్క. కేబిన్ మెల్లగా దిగుతోంది.

తర్వాత వినిపించింది మాట కాదు. గిన్నె పగిలినట్టు ఒక ఠంగుమన్న చప్పుడు, దాని వెనకే ఇనుము ఇనుముని కరిచిన కీచు, దాని వెనక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే కూతురు పళ్ళ మధ్య నుంచి ఊపిరి లాగిన చప్పుడు.

నిదానం తాళంచెవి పెట్టి తలుపు తీశాడు. తీసినవాడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

కేబిన్ నెత్తి ఆయన కాళ్ళకి నిలువెత్తు మనిషంత కిందుంది. కుడివైపుకి వాలిపోయి ఉంది. కేబిన్ని పట్టాకి అంటిపెట్టి నడిపించే కుడివైపు పోత ఇనుము ముక్క విరిగిపోయింది. కేబిన్ ఒరగ్గానే ఎడమ దవడ పట్టాని కరిచింది, కుడిది కరవలేదు. ఒక చెవి పట్టుకుని ఎత్తిన గంగాళంలా వేలాడుతోంది. కూతురు కుడి అంచున కూర్చుండిపోయి ఉంది. ఆమె కుడిపాదం కేబిన్ అంచుకీ గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనప కొయ్యకీ మధ్య ఇరుక్కుంది.

"నాన్నా" అంది. "కాలు పట్టేసింది. విరగలేదనుకుంటా. వేళ్ళు తెలుస్తున్నాయి."

"కదలకు."

"కదిలితేగా."

పైన కరెంటక్క అప్పటికే మెయిన్ ఆపి, దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని పరుగున దిగొచ్చింది. గుంటలోంచి బావమరిది మట్టి చేతులతో మూడేసి మెట్లు దూకుతూ వచ్చాడు. లిఫ్టు లోపల ఎవరూ లేరు, అదొక్కటే మేలు. మేడ కావలివాడు సహాయ దళానికి ఫోను చేశాడు. దారిలో ఉన్నారట. ఆ ఇరుకు వీధుల్లో దారిలో ఉండటమంటే ఏమిటో అందరికీ తెలుసు.

వాళ్ళొచ్చేదాకా ఆగొచ్చేమోనని నిదానం అనుకుంటూండగానే కేబిన్ కిర్రుమంది. విరిగిన ముక్కలో మిగిలిన పెచ్చు ఒకటి రాలి, అడుగున గుంటలో టక్కుమంది. కేబిన్ ఇంకాస్త వాలింది. కూతురు పెదవి కొరుక్కుంది.

అంటే ఆగడానికి లేదు. ఇంకో రెండు పెచ్చులు రాలితే పాదం నుజ్జవుతుంది. ఆ తర్వాత కేబిన్ ఒరిగితే మనిషే జారిపోతుంది.

చెయ్యాల్సిందేమిటో నిదానానికి అద్దంలో చూసినట్టు తెలుసు. కేబిన్‌ని వెంట్రుకవాసి పైకెత్తితే ఎడమ దవడ విడుస్తుంది. అదే క్షణంలో కుడివైపు ఎవరో గునపం దూర్చి కేబిన్‌ని గోడకి దూరంగా తన్నిపట్టాలి. ఆ సందులోంచి కాలు లాగెయ్యాలి. ఎత్తడానికి మోటారు అక్కర్లేదు. ఖాళీ కేబిన్‌కన్నా అవతల వేలాడే ఎదురు బరువు ఎక్కువ. పైన బ్రేకు సడలిస్తే కేబిన్ దానంతటదే పైకి లేస్తుంది. చిక్కంతా అక్కడే. దవడ విడవగానే అది బుసకొట్టి లేస్తుంది. బ్రేకు పట్టినవాడి చెయ్యి రవ్వంత ఎక్కువ సడలితే కేబిన్, దానిమీద ఉన్న మనుషులూ పైకప్పు దూలానికి వెళ్ళి కొట్టుకుంటారు.

"నేను దిగుతా" అన్నాడు నిదానం. గడప మీద కూర్చుని ఒక కాలు అప్పుడే లోపలికి వేశాడు. "గునపం ఇటివ్వు. ఒరేయ్, నువ్వు పైకెళ్ళు. బ్రేకు…" అని ఆగాడు.

బావమరిది ఒక మెట్టు వెనక్కి దిగాడు. "బ్రేకా? నేనా బావా?"

"మరి కరెంటక్క పడుతుందా ఆ లివరు? దాని స్ప్రింగు నీకూ నాకూ తప్ప లొంగదు."

"నావల్ల కాదు బావా. నా చేతులు చూడు." నిజంగానే ఎండుటాకుల్లా వణుకుతున్నాయి.

"నాన్నా" అంది కిందినుంచి కూతురు.

"వస్తున్నా తల్లీ."

"రాకు. నా మాట విను ముందు. బావి నోటి దగ్గర ఎవరు?"

నిదానం గడప మీద అలాగే ఉండిపోయాడు. "ఇప్పుడు ఆటలేంటే?"

"ఆట కాదు. షాఫ్టులో ఒళ్ళు నాది. బ్రేకు ఎవరిదో నేనే చెప్పాలి. నువ్వు పెట్టిందే." నొప్పికి ఆగి ఆగి మాట్లాడుతోంది, కానీ గొంతు మాత్రం తొణకలేదు. "పైన నువ్వుండాలి. తాడుతాత నువ్వే. కేబిన్ మీదికి నువ్వు దిగితే నీ బరువుకే ఒరుగుతుంది. మావయ్య పుల్లలా ఉంటాడు. మావయ్య దిగాలి."

"వాడు…" అన్నాడు నిదానం. పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా అక్కడున్న అందరికీ వినపడింది.

బావమరిది గోడకేసి చూస్తూ నుంచున్నాడు.

"అక్కా, నీ దీపాలవ్వని అడిగి తీసుకుంటున్నా" అంది కూతురు. "గడప దగ్గర నుంచుని నాకు లైటు పట్టు. నడుముకి తాడు కట్టి పట్టుకో. ఇస్తావా?"

"తీస్కో తల్లీ, తీస్కో" అంది కరెంటక్క. ముక్కు ఎగబీల్చి, "నూనెకి మాత్రం నన్నడక్కు" అంది. అంత భయంలోనూ ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

"మావయ్యా."

"ఆఁ."

"నీ దొరని అడిగి తీసుకుంటున్నా. ఇస్తావా?"

బావమరిది ఇన్నేళ్ళుగా ఆ మాట కోసం టీ వేళల్లో ఎన్ని పంతాలు పోయాడో. "బావి బద్దలవుతుందన్నావుగా" అన్నాడు.

"ఈసారి నేను ఊ అనేదాకా దూకకూడదు. దూకడని నువ్వు హామీ ఇస్తేనే తీసుకుంటా."

"దూకడు" అన్నాడు. "ఇస్తున్నా."

నిదానం లోపలికి వేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ కాలు తియ్యడం ఆయన జీవితంలో ఎత్తిన అన్ని బరువులకన్నా బరువనిపించింది. కళ్ళెదుట కూతురుంది. పైగదికి వెళితే ఆమె కనపడదు. నోరు జారిన మాటలా బ్రేకు జార్చిన మనిషి చేతుల్లో ఆమెని వదిలి, తను మెట్లెక్కి పోవాలి.

"నాన్నా, ఇంకోటి. నేను అరుస్తా" అంది. "నొప్పెడుతుంది కాబట్టి అరుస్తా. అరుపుకి ఆపకు. కాలు సగంలో ఉండగా నువ్వు బిగిస్తే మళ్ళీ నలుగుతుంది. మాటకే ఆపు. మావయ్య మాటకే."

ఆయన తలూపాడు. గునపం బావమరిది చేతిలో పెట్టాడు. పెట్టి, వదలకుండా ఒక్క క్షణం పట్టుకున్నాడు.

"మొన దూర్చాక నీ మోకాలు దానికి ఆనించు" అన్నాడు. "చేత్తో తన్నిపట్టావో, వణుకు ఇనుముకి ఎక్కుతుంది. ఒంటితో పట్టు."

"సరే బావా."

"మాట తిరిగి వినపడేదాకా…"

"తెలుసు బావా."

నిదానం మెట్లెక్కాడు.

యంత్రం గది ఎప్పటిలాగే ఉంది. గ్రీజు వాసన, దుమ్ము పట్టిన కిటికీ, మధ్యలో పెద్ద కప్పీ చక్రం, దాని గాడుల్లో మెరుస్తున్న ఉక్కు తాళ్ళు. తాళ్ళు కిందికి దిగేచోట నేలలో బెత్తెడు సందులు. షాఫ్టులోంచి వచ్చేదంతా ఆ సందుల్లోంచే. చల్లటి గాలి, నూనె వాసన, గొంతులు. ఆయన ఎడమచేత్తో చేతిచక్రం పట్టుకుని, కుడిచెయ్యి బ్రేకు లివరు మీద వేసి, కాళ్ళు ఎడం చేసి నుంచున్నాడు.

కింద బావమరిది కేబిన్ మీదికి దిగుతున్నాడని తెలిసింది. తాళ్ళలోకి చిన్న వణుకొచ్చింది. అంతే, దూకిన దెబ్బ లేదు. పిల్లి దిగినట్టు దిగాడు. ఆ మనిషి ఎప్పుడైనా చప్పుడు లేకుండా ఎక్కడికైనా దిగాడా అని నిదానానికి గుర్తు రాలేదు.

తర్వాత గుసగుసలు. గునపం ఇనుముకి తగిలిన చప్పుడు. మళ్ళీ తగిలిన చప్పుడు. ఏం చేస్తున్నారు? ఎందుకింత సేపు? అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. బ్రేకు మీద చెయ్యి ఉన్నవాడు ప్రశ్న అడక్కూడదు. అడిగితే కిందివాడు జవాబు చెప్తాడు, జవాబు పైకి మాటలా వినిపిస్తుంది. ఆ నియమం పెట్టిన మొనగాడెవడో కనిపిస్తే నాలుగు తగిలించాలనిపించింది. పెట్టింది తనే.

"గాలిరౌతు!"

బావమరిది గొంతే. అరిచినట్టు లేదు, పలకమీద రాసినట్టుంది.

"గాలిరౌతు!" అన్నాడు నిదానం. అన్నాకే లివరు నొక్కాడు. వెంట్రుకవాసి. తాళ్ళు మూలిగాయి. కప్పీ కదల్లేదు. దవడ గట్టిగా కరిచి ఉంది. ఇంకో వెంట్రుకవాసి నొక్కాడు. ఎడమచేతి కింద చక్రం జ్వరం వచ్చిన ఒళ్ళులా వణకసాగింది.

"తాడుతాత!"

"తాడుతాత!" బిగించాడు.

నిశ్శబ్దం.

ఎందుకు ఆపించాడు? ఏమైంది? కూతురి గొంతు లేదు. కరెంటక్క గొంతు లేదు. గునపం జారిందా? జారితే ఎక్కడ పడింది? ఆయన నుదుటి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఒక చెయ్యి చక్రం మీద, ఒకటి లివరు మీద. కన్ను మండుతోంది. కిందినుంచి బావమరిది ఏదో అంటున్నాడు, నెమ్మదిగా, బుజ్జగించినట్టు. కూతురు ఏదో అంది. ఇద్దరిలో ఒకరు, నమ్మశక్యం కాదు గానీ, చిన్నగా నవ్వారు. అదేం నవ్వో ఆయనకి అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది, గునపం మొన గోడ సున్నంలో దిగబడి జారుతోందట. పాత బావమరిదైతే, పోనీలే పట్టేస్తుంది అని కానిచ్చేవాడు. ఈసారి ఆపించి, చెప్పు విప్పి, దాని తోలు మొన కింద పరిచి, మళ్ళీ ఆనించాడు. "దొరగారు ఉత్తికాళ్ళతో యుద్ధానికొచ్చారు" అందట కూతురు. అదీ నవ్వు.

"గాలిరౌతు!"

"గాలిరౌతు!"

ఈసారి తాళ్ళు మూలగలేదు. బిగిసిన నరాల్లా ఒక్కసారి పాడాయి. చక్రం వణికింది, ఆగింది, మళ్ళీ వణికింది. ఢాం అని కింద దవడ విడిచింది. చక్రం ఎదురు తిరిగి ఆయన మణికట్టుని తన్నింది. కేబిన్ లేచింది. నిదానం దంతాలు బిగించి, లివరుని పూర్తిగా వదలకుండా, పూర్తిగా బిగించకుండా, ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒక సన్నటి చోట పట్టుకున్నాడు. బ్రేకు గుడ్డ కాలిన వాసన. తాళ్ళు ఒక్కొక్క పోగూ జరుగుతున్నాయి.

అప్పుడు కూతురు అరిచింది.

ఆ అరుపు నేలలోని సందుల్లోంచి వచ్చి ఆయన పాదాల్లోంచి నెత్తికెక్కింది. చేతులు వాటంతటవే బిగుసుకోబోయాయి. పురుటి రోజున ఆ గొంతు మొదటిసారి విన్న దగ్గర్నుంచి ఆ గొంతు ఏడిస్తే ఆ చేతులకి పరుగెత్తడమే తెలుసు. ఆపెయ్, ఆపెయ్ అంటోంది ఒళ్ళంతా. అరుపుకి ఆపకు అంది అదే గొంతు. మావయ్య మాటకే.

ఆయన ఆపలేదు. అలాగే పట్టుకున్నాడు. బావమరిది మాట రావాలి. రాలేదు. అరుపు సాగుతోంది. మాట రాలేదు. ఒరేయ్, అనరా. తాళ్ళు ఇంకో పోగు జరిగాయి. అనరా, నీ పుణ్యముంటుంది. ఎప్పుడూ ముందే దూకేవాడివి, ఇవాళ…

"తాడుతాత!"

"తాడుతాత!" నిదానం బిగించాడు. ఆయన గొంతు పిల్లవాడి గొంతులా చీలింది.

కింద కలకలం. కాళ్ళు ఈడ్చిన చప్పుడు. రేకు తలుపు దడదడ. "వచ్చేసింది అన్నయ్యా!" అని కరెంటక్క కేక. "పిల్ల బయటికొచ్చేసింది! దిగు, దిగిరా!"

నిదానం కదల్లేదు.

"అన్నయ్యా! వినపడిందా? వచ్చేసిందంటే!"

వినపడింది. కానీ బావమరిది ఇంకా కేబిన్ మీదే ఉన్నాడేమో. ఆ కేక మాట కాదు. బ్రేకు మీద ఆయన చెయ్యి బిగుసుకునే ఉంది. కన్ను మండుతూనే ఉంది. కింద కాసేపు ఎవరో ఎవర్నో ఏదో అడిగారు. అప్పుడు కరెంటక్క నాలుక కరుచుకున్నట్టు ఆగి, గుక్క తిప్పుకుని, షాఫ్టు అదిరిపోయేలా అరిచింది.

"దీపాలవ్వ! ఒరేయ్ నాయనా, దీపాలవ్వ! అందరం బయటే!"

"దీపాలవ్వ" అన్నాడు నిదానం. చెయ్యి తీద్దామంటే వేళ్ళు విడలేదు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకోవాల్సొచ్చింది.

దిగేసరికి కూతురు మెట్ల మీద గోడకి ఆనుకుని ఉంది. కాలు బూటు కన్నా లావుగా వాచింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన బావమరిది, ఒక కాలికి చెప్పు లేకుండా, మోకాలు గీరుకుపోయి, ప్యాంటు చిరిగి. నిదానం కూతురి నెత్తిమీద చెయ్యి పెట్టాడు. బావమరిది వైపు తిరిగాడు.

"ఏంటి బావా, అలా చూస్తావ్" అన్నాడు బావమరిది. "ఆలస్యం చేశాననా?"

"చేశావు" అన్నాడు నిదానం.

"మడమ ఇంకా తగులుతోంది బావా. మడమ దాటాకే అన్నా."

"అదే. మంచి పని చేశావు."

సహాయ దళం వాళ్ళు అప్పుడొచ్చారు, ఆయాసపడుతూ. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "చోటు దండగ కాదులే నాన్నా" అంది కళ్ళు మూసుకుని. "ఒప్పుకున్నా. మళ్ళీ మళ్ళీ అడక్కు."

పాదంలో రెండు సన్నటి ఎముకలు చిట్లాయి. అతుక్కున్నాయి గానీ, ఆ కాలికి పాత బూటు మళ్ళీ సరిగ్గా పట్టలేదు. వానకాలంలో కొంచెం కుంటుతుంది. ఇంట్లో తల్లి కొన్నాళ్ళు మొగుడితో, తమ్ముడితో ఇద్దరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి, తిట్టాల్సిందంతా తిట్టి, అన్నం పెట్టింది.

కొత్త పోత ముక్కలు వచ్చాక అదే మేడకి మళ్ళీ వెళ్ళారు. కూతురు కర్ర పట్టుకుని గడప దగ్గర స్టూలు మీద కూర్చుంది, లైటు పట్టడానికి. కరెంటక్క తన అవ్వ ఉద్యోగం పోయిందని గోల పెట్టింది. కేబిన్ మీద బరువైన పని ఉంది, రెండు చేతుల బలం కావాలి. నిదానం నడుముకి తాడు కట్టుకుంటున్నాడు.

బావమరిది గునపం తీసుకోబోయాడు. నిదానం ఇవ్వలేదు.

"ఇవాళ నా ఒళ్ళు షాఫ్టులో ఉంటుంది" అన్నాడు. "బ్రేకు ఎవరిదో నేను చెప్పాలి."

బావమరిది నుంచున్నచోటే నుంచున్నాడు. కూతురు లైటు ఆర్పి వెలిగించింది, ఊరికే, చేతులకి ఏం చెయ్యాలో తెలియక.

"తాడుతాత నావాడు" అన్నాడు నిదానం. "అడిగినవాళ్ళకి ఇస్తా."

బావమరిది అడిగాడు. నిదానం ఇచ్చాడు. బావమరిది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాడు. ఒక్క మెట్టూ దాటెయ్యలేదు.

నిదానం కేబిన్ మీదికి దిగి, పట్టా మీద అరచెయ్యి ఆనించి నుంచున్నాడు. పైన చీకట్లో తాళ్ళు దిగొస్తున్న సందుల్లో కొంచెం వెలుతురు. ఆ వెలుతురు వెనక ఉన్న మనిషి కనపడడు. ఎడమ బొటనవేలు ఒకసారి జివ్వుమంది. ఆయన ఊపిరి పీల్చుకుని, తలెత్తి, "గాలిరౌతు!" అన్నాడు.

చాలాసేపు ఏమీ లేదనిపించింది. నిజానికి ఒక ఊపిరి వెడల్పు కూడా లేదు.

"గాలిరౌతు!" అంది పైనుంచి గొంతు. అన్నాకే కేబిన్ కదిలింది.